గొంతుకు అంటు లేదు

యోగానంద బండి దిగలేదు. ఇంజను ఆపి, ఒక కాలు వాకిట్లో ఆనించి, అట్లాగే కూర్చుని మాట్లాడాడు. పోయిన కాయల కాలం నుంచి ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడం మానేసినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గనక చెంగయ్య కూడా దిగమని అనలేదు. అరుగు మీద కాళ్ళు చాపుకుని, మామిడికాయలు కోసే చిక్కంలో తెగిన దారాలను మళ్ళీ అల్లుకుంటున్నాడు.

"ఏం చెంగన్నా, అప్పుడే చిక్కం పట్టుకున్నావే. కాయింకా ముదరలేదు గదా."

"కాయ ముదిరినంక అల్లుకుంటా కూసుంటే, అది నేల రాలకుండా ఆగతాదా అప్పా."

యోగానంద నవ్వి, ఆ నవ్వును తొందరగానే ఆపుకున్నాడు. ధర్మరాజుల గుడికి ఆయనే పెద్ద. ఏటా అక్కడ కథగా, నాటకంగా భారతం జరిగినన్నాళ్ళూ చేతికి ఉండే పసుపు కంకణాన్ని రెండో చేతి వేళ్ళతో తిప్పుకుంటున్నాడు. తలుపు పక్కన కుట్టుమిషను తొక్కుతున్న చెంగయ్య కోడలు రేవతి, మామ మాటల్లో ఏదో ఎదురుచూపు వినిపించి, పాదం ఆపింది.

"భారతం సగం దాటింది. ఆదివారం దుర్యోధనుడు పడతాడు. గాంధారికి గొంతు లేదు" అన్నాడు యోగానంద. "నాటకమోళ్ళలో ఒకడు కళ్ళకు గుడ్డ కట్టుకోని కూసుంటాడంట. ఏడవరా అంటే, పందిని తరిమినట్టుండాది వాని ఏడుపు."

చెంగయ్య ముడి బిగించాడు. ముప్పై ఏళ్ళుగా భారతం మిట్ట మీద, మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి తలాపున, తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని గాంధారి ఏడుపు ఏడ్చేది ఆయనే. ఆ ఒప్పారి పాట వినడానికి ఐరాల నుంచి కూడా జనం వస్తారు.

"నువ్వు ఈయేడు మిట్ట తొక్కేదానికి లేదు. మంచాన పోయినోళ్ళ ఇంటికి నెలే అంటు గానీ, రోడ్డు మీద పోయిన చావుకు ఏడాది తిరగాల. ఆ అంటు నేను పెట్టింది కాదు చెంగన్నా. ఆడుండేది ద్రౌపదమ్మ."

"నేనొస్తానని యాడా అనలేదే."

"అనలేదు. అందుకే ఒక ఉపాయం చేసినాం. రేవతి కాడ ఫోన్లోకి తగిలించే మైకుండాది గదా, జాకెట్లు కుట్టేది నేర్పిస్తా వీడియోలు పెడతా ఉండె. దాంట్లో నీ ఏడుపు పట్టిచ్చీ. మునిప్రసాద్ వాని హారన్ల సెట్టులో ఏస్తాడు. ఆ నాటకమోడు నోరు కదిలిస్తాడు. అంటు మనిషికి గానీ, గొంతుకు అంటు లేదు గదా."

చెంగయ్య తల ఎత్తి ఆయన్ను చూశాడు. మళ్ళీ చిక్కం వైపు వంగాడు.

యోగానంద బండి తాళాన్ని ఒకసారి తిప్పి వదిలేశాడు. "ఇంకొక మాట. పేర్లు పిలిచేకాడ... అబ్బాయి పేరు వొద్దులే ఈయేడు. పిలిస్తే పలికేవాళ్ళు ఆడుండాల గదా. మీరెవురూ రారు. పలకని పేరు గాల్లో నిలబడిపోతాది, ఊరికి మంచిది కాదంటా ఉండారు పెద్దోళ్ళు. వచ్చే ఏడు పిలుద్దాం."

మిషను మీద రేవతి చెయ్యి కదల్లేదు.

ఆ ఊరి గాంధారి తన నూరుగురు కొడుకులకు ఏడ్చి ఊరుకోదు. వాళ్ళ వెనకే, ఆ ఏడు ఊళ్ళో పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచిన పేరుకు ఆ ఇంటివాళ్ళు గుంపులోంచి "పోయిరా" అని పలకాలి. ఇంటి దగ్గర, కాటి దగ్గర ఎంత ఏడ్చినా, మిట్ట మీద ఆ ఒక్క మాట అన్నాకే మనిషి నిజంగా బయల్దేరినట్టు. తర్వాత దుర్యోధనుడి మీది మన్ను పిడికెడు తీసుకుని ఇంటికి పోతారు. ఆ ఏటి పేర్లు ఆ ఏడే. వచ్చే ఏటికి వచ్చే ఏటి వాళ్ళుంటారు. పాత పేరు ఒకటి మరుసటి ఏడు పిలిచినట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. యోగానందకు తెలియనిదీ కాదు.

చెంగయ్య దారాన్ని పంటితో కొరికాడు.

"అట్లనే కానీప్పా" అన్నాడు.

బండి సందు మలుపు తిరిగిందో లేదో, లోపలి నుంచి చెంగయ్య భార్య చంద్రకాంతమ్మ వచ్చి గడపలో నిలబడింది. చేతిలో చింతపండు పిసుకుతున్న గిన్నె అట్లాగే ఉంది.

"అట్లనే కానీ అంటే ఏంది? ఊరందరి బిడ్డలకూ ఏడ్చినావు. నీ బిడ్డ కాడికొచ్చేసరికి అట్లనే కానీనా?"

"దేవకమ్మ కూతురు మొన్న దావలో నిలబెట్టి అడిగింది, మా యమ్మ పేరు పిలుస్తావు గదా మామా అని. ఆ యమ్మికేం చెప్పేది? నా కొడుక్కు లేదు గనక మీ యమ్మకూ లేదని చెప్పేదా?"

"చెప్పు. ఒక్కేడు చెప్తే నోరు పడిపోతాదా?"

చెంగయ్య చిక్కం కట్టెను నిలబెట్టి, వల ఎట్లా జారుతుందో చూసుకుని, గోడకు ఆనించాడు.

*

మైకు బీరువాలో, గుండీల డబ్బా వెనక, చిన్న గుడ్డసంచిలో ఉంది. చిక్కుడుగింజంత మైకు. దానికి నల్లటి స్పాంజి టోపీ, చొక్కాకు పెట్టుకునే క్లిప్పు, చాంతాడులా చుట్టిన పొడుగాటి వైరు, చివర ఫోన్లో గుచ్చే పిన్ను. "మిషను చప్పుట్లో నీ మాట కొట్టుకపోతా ఉండాది మే" అని రేవతి మొగుడు చిత్తూరు నుంచి తెచ్చిచ్చాడు. దాంతో చేతుల కోత, మెడ కోత ఎట్లాగో చెప్పి ఫోన్లో పెట్టేది. ఆయన పోయాక దాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు ఆమె ఫోను వేరు. అది పాడైపోయింది. ఇప్పుడు వాడుతున్నది ఆయన ఫోను. ట్రాక్టరు మీది నుంచి జారి పడుతూ ఉంటుందని దానికి ఆయన మందంగా ఉండే రబ్బరు పౌచ్ వేయించుకున్నాడు. మామిడికాయల సొన అంటి దాని అంచులు నల్లగా గట్టిపడ్డాయి. రేవతి ఆ పౌచ్‌ను ఎప్పుడూ తియ్యలేదు. తడిగుడ్డతో తుడవలేదు కూడా.

పిన్ను గుచ్చింది. పాత ఫోన్లో అయితే టక్కుమని కూర్చునేది. ఇది మెత్తగా పోయి ఆగింది. ఒక్కో ఫోను ఒక్కో తీరు అనుకుంది. రికార్డింగు తెరిచి, "ఒకటి, రెండు" అంది. తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగిరి పడ్డాయి. పడుతోంది.

"మామా, మిద్దింట్లో తలుపులేసుకుంటే బాగా పడతాది. బయట చప్పుళ్ళు రావు" అంది.

చంద్రకాంతమ్మ ఆ మాటకు చేతిలో పని వదిలేసి వచ్చింది. "మ్మే, మతుండాదా నీకు? ఒప్పారి ఇంట్లో ఎత్తుకుంటారా ఎవురన్నా? ఇంకొకరిని రమ్మని పిలిచినట్టు గదా అది!"

"రికార్డింగుకే గదత్తా..."

"రికార్డింగో ఇంకొకటో. ఏడుపు ఏడుపే. గడప దాటి యాడన్నా పెట్టుకోండి."

*

మరుసటి పొద్దున తోటకు పోయారు. తోతాపురి కొమ్మలు కాయల బరువుకు నేలకు వంగి ఉన్నాయి. చెంగయ్య మోటరు ఆపేశాడు. కాలవలో నీళ్ళు గలగలమంటూ కాసేపు పారి ఇంకిపోయేదాకా ఇద్దరూ మాట్లాడకుండా నిలబడ్డారు. పక్క పొలంలో ట్రాక్టరు దున్నుతుంటే అది గట్టు చివర మలుపు దాటేదాకా ఆగారు.

రేవతి క్లిప్పును ఆయన బనీను మెడకు తగిలించింది. స్పాంజి టోపీ సరిచేసింది.

"నువ్వు నాకు కనపడకుండా కూసోమ్మా" అన్నాడు చెంగయ్య. "మామ ఏడ్చేది కోడలు సూడకూడదు. నాకూ గొంతు రాదు."

"వైరు పొడుగుండాది మామా. నేను ఆ చెట్టు కింద కూసుంటా, మీ ఎనక. పేరు పేరుకీ మధ్యలో కొంచెం ఆగండి, ఆడ జనం పలికేదానికి."

"అది నాకు చెప్పల్లా?"

ఆమె వైరు విప్పుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి, అది అయిపోయినచోట కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అంతదూరం నుంచి ఆయన వీపు, తెల్లవెంట్రుకల మెడ, బనీను చిరుగు కనిపిస్తున్నాయి.

చెంగయ్య వెంటనే మొదలుపెట్టలేదు. ముందున్న నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన ముందర ఎప్పుడూ ఒక మనిషి ఆకారం పడుకుని ఉండేది, ఆ మట్టి మీది రంగు తడి కూడా ఆరకుండా. ఉత్తనేలకు ఏడవడం ఆయనకు చేతకాలేదు. తలగుడ్డ విప్పాడు. తల ఎటుండాలో చూసుకుని, దక్షిణానికి ఒక కొన పెట్టి, గుడ్డను నేల మీద నిలువుగా పరిచాడు. అరచేత్తో మడతలు తీశాడు. చిన్నపిల్లల్ని పడుకోబెట్టిన చోట పక్క సర్దినట్టు సర్దాడు.

తర్వాత ఎత్తుకున్నాడు.

"నూరు కొమ్మల మాను నాదని మురిస్తి గదరా కొడకా
నీడన కూసుందామంటే ఆకు మిగలకపాయె గదరా కొడకా
కళ్ళకు గుడ్డ కట్టుకున్నదాన్ని నేను గదరా కొడకా
కళ్ళు మూసుకున్నది నువ్వెట్లయితివిరా కొడకా..."

రేవతి మొదట్లో తెర మీది గీతలను చూస్తూ కూర్చుంది. గొంతు పెరిగినప్పుడు అవి పెరగాలి. పెరుగుతున్నట్టే ఉన్నాయి. కాసేపటికి తెరను చూడడం మరిచిపోయింది.

పేర్లు వచ్చాయి. చెంగయ్య ఉత్తపేరు పిలవడు. పోయినవాళ్ళ ఇంటికి ముందే పోయి, వాకిట్లో కూర్చుని, మాటల్లో మాటగా ఒక సంగతి అడిగి తెచ్చుకుంటాడు.

"ఊరి ఆడపిల్లలందరికీ గాజులు తొడిగిన దేవకమ్మా..."

ఆగాడు. ఆకులు కదిలాయి.

"ఆగిపోయిన మోటరును చేత్తో తట్టి లేపిన చిన్నబ్బా..."

ఆగాడు.

"చీకటితోనే పాలు కొలిచిన వెంకటేశ్వర్లూ..."

ఆగాడు.

ఆ ఆగడం ఎంతకూ తెమలలేదు. ఇంకొక పేరు లేదు. చివరి పాదం ఎత్తుకోవాలి. చెంగయ్య ఎత్తుకోలేదు. ఆయన కుడిచెయ్యి తలగుడ్డ మీద, తల వైపు నుంచి కాళ్ళ వైపుకు, ఒక్కసారి నిమురుతూ పోయింది. కాళ్ళ దగ్గర ఆగిపోయింది.

రేవతి ఆ చేతినే చూస్తోంది.

"సునీల్‌కుమార్" అంది.

తను అన్నదని ఆమెకు అన్న తర్వాత తెలిసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆయన, మీ కొడుకు, మా ఇంటాయన అనేది. బైపాసు మీద లారీ గుద్దిన రోజున, ఆస్పత్రిలో పేరు చెప్పమ్మా అని అడిగితే, ఆమె నోరు తెరిచి మామ వైపు చూసింది. మామే చెప్పాడు.

చెంగయ్య వెనక్కి తిరగలేదు. విన్నాడో లేదో వీపు చెప్పలేదు. కాసేపటికి చివరి పాదం ఎత్తుకున్నాడు.

"ఎనక్కి తిరిగి సూడమాకరా కొడకా
నువ్వు తిరిగి సూస్తే నేనింటికి పోలేనురా కొడకా..."

అయిపోయాక తలగుడ్డ తీసి, మన్ను దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. క్లిప్పు ఆయనే తీసి ఇచ్చాడు.

"పడిందా?"

"పడింది మామా."

*

ఇంట్లో ఒప్పారి వినకూడదు గనక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే సరిపోతుందనుకుంది రేవతి. వాటి పిన్ను కూడా అదే రంధ్రంలో గుచ్చి, చెవుల్లో పెట్టుకుని, బొత్తాం నొక్కింది. చెవుల్లో ఏమీ లేదు. ఫోన్లోంచే "నూరు కొమ్మల మాను..." అని ఇల్లంతా వినిపించింది.

"ఆపు! ఆపు మ్మే!" చంద్రకాంతమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఒక పీనుగ లేచింది సాలదా ఈ ఇంట్లో?"

రేవతి ఫోను చీర కొంగులో చుట్టేసుకుని, ఆవుల కొట్టం వెనక్కి పోయింది. అక్కడ గడ్డివామికి ఆనుకుని నిలబడి చూసుకుంది. పిన్ను సగమే లోపల ఉంది. మిగతా సగాన్ని పౌచ్ అంచు అడ్డుకుంటోంది. ఇయర్‌ఫోన్లు తగలనప్పుడు మైకూ తగిలి ఉండదు. పొద్దున ఆయన బనీనుకు పెట్టిన మైకులో ఒక్క మాట కూడా పడలేదు. పడిందంతా ఈ ఫోన్లో, తన ఒళ్ళో.

శబ్దం తగ్గించి, ఫోను చెవికి ఆనించుకుని విన్నది. ఆకుల చప్పుడు. చీర కదిలిన చప్పుడు. తన ఊపిరి. వాటన్నిటికీ అవతల, ఏదో పొలం గట్టు మీద ఎవరో ఏడుస్తున్నట్టు మామ గొంతు. దూరంగా ఉన్నా ఒక్క మాటా పోలేదు. దేవకమ్మ, చిన్నబ్బ, వెంకటేశ్వర్లు. ఆ తర్వాత ఆకులు. ఆకులు.

అప్పుడు ఒక ఆడగొంతు చెవిలోనే అన్నట్టు ఆ పేరు పిలిచింది. రేవతి ఉలిక్కిపడి ఫోను దించింది. అది తన గొంతని ఒప్పుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. ఏడుపు లేదు ఆ గొంతులో. భోజనానికి పిలిచినట్టు ఉంది.

తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఉంది. బొటనవేలు దానిదాకా పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

*

"మామా, ఇంకొకసారి పాడాల. మైకు సరిగా కూసోలేదు."

చెంగయ్య ఆవుకు గడ్డి విదిలిస్తున్నాడు. "పడిందంటివే?"

"ఫోన్లో పడింది. మైకులో పడలేదు. మీ కాడిది దూరంగా పడింది. నా కాడిది దగ్గరగా పడింది."

ఆయన గడ్డి పట్టుకున్న చేత్తోనే ఆమె వైపు తిరిగాడు. ఏదో అడుగుతాడనుకుంది. చేతిలోని గడ్డిని ఆవు ముందర వేశాడు.

"సరే. పద" అన్నాడు.

బయల్దేరే ముందు రేవతి పౌచ్ తీసింది. రబ్బరు బిగుసుకుపోయి ఉంది. గోరు దూర్చి ఒక మూల, తర్వాత ఇంకొక మూల, పసిపిల్లకు ఇరుకుచొక్కా విప్పినట్టు మెల్లగా ఊడదీసింది. లోపల ఫోను కొత్తదిలా ఉంది, గడియారం తీసిన మణికట్టులాగా. పౌచ్ లోపలి అంచుల్లో సన్నటి ఎర్రమన్ను చేరి ఉంది. తుడవకుండా అట్లాగే గుండీల డబ్బాలో పెట్టింది. పిన్ను గుచ్చితే టక్కుమంది.

ఈసారి చెంగయ్య తలగుడ్డ పరచలేదు. మోటరుకొట్టం మెట్టు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, కళ్ళాల్లో బస్తాలు ఎత్తినంత ఒడుపుగా మొదటి నుంచి చివరిదాకా పాడేశాడు. దేవకమ్మా. చిన్నబ్బా. వెంకటేశ్వర్లూ. మూడో పేరు తర్వాత జనం పలికేంత మాత్రమే ఆగి, చివరి పాదం ఎత్తుకున్నాడు.

"బాగా వచ్చిందా?"

ఆమె అక్కడే విన్నది. ఆయన గుటక మింగింది కూడా వినిపించింది. ఉబ్బసపు ఊపిరిలో ఈల వినిపించింది. ఎక్కడా ఆకు చప్పుడు లేదు.

"శుబ్బరంగా వచ్చింది మామా."

"మాటిచ్చినాను గదమ్మా" అన్నాడు చెంగయ్య, ఆమె ఏమీ అడగకపోయినా. వైరు చుట్టడానికి తనే ఒక కొన పట్టుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్నే మిట్ట మీద నుంచి డప్పులు వినిపించాయి. ఊరు ఊరంతా అటే పోతోంది. వాకిలి ముందు నుంచి పోయేవాళ్ళు ఈ ఇంటి వైపు చూసీ చూడనట్టు చూసి నడిచారు. దేవకమ్మ కూతురు మాత్రం ఆగి, "పిలిచినావు గదా మామా?" అని అడిగింది. చెంగయ్య తల ఊపాడు.

మునిప్రసాద్ ఫోను చేశాడు. "అమ్మా రేవతీ, ఇంకా పంపీలేదే. దుర్యోధనుడికి మీసాలు కూడా దిద్దేసినారు."

"పంపిస్తా ఉండాన్నా."

తెర మీద రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రేవతి గడపలో కూర్చుంది. రెండోది పంపితే ఎవరూ ఏమీ అనరు. మామ మాట నిలబడుతుంది. వచ్చే ఏడు యోగానంద ఇదే మాట మరిచిపోతాడు. మరవకపోయినా, వచ్చే ఏటి దుర్యోధనుడి ముందర వచ్చే ఏటి వాళ్ళ తల్లులు కాచుకుని ఉంటారు. వాళ్ళ మధ్యలో పాత పేరు ఒకటి దూర్చమని అడగడానికి మామ నోరు తెరవడు. ఆ మనిషి నోరు తెరిచేది ఊరివాళ్ళ కోసమే.

అరుగు మీద చెంగయ్య ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు. ఆయన చేతుల్లో పని లేకుండా ఆమె ఎప్పుడూ చూడలేదు.

మొదటిది నొక్కి, పంపింది.

కాసేపటికి మునిప్రసాద్ మళ్ళీ చేశాడు. "ఇదేనా? మొదులు విన్నా. శానా దూరంగా ఉండాదే గొంతు."

"ఇదే అన్నా. పెంచి పెట్టు."

"అంతా సూసుకున్నావు గదా?"

"సూసుకున్నా."

డప్పులు ఒక్కసారిగా ఆగాయి. భీముడు తొడ మీద కొట్టినట్టుంది, జనం హోరు లేచి అణిగింది. హారన్లలోంచి ముందు గాలి చప్పుడు వచ్చింది. తర్వాత, "నూరు కొమ్మల మాను..."

చెంగయ్య తన ఏడుపును తను బయటి నుంచి వినడం అదే మొదలు. తల ఒక పక్కకు వంచి విన్నాడు. రెండు పాదాలు అయ్యాక, "ఇంత దూరంగా ఉండాదేమ్మా నా గొంతు" అన్నాడు. ఇంకొక పాదం అయ్యేసరికి ఆయన ముఖం మారింది. మెల్లగా గడప వైపు తిరిగి రేవతిని చూశాడు. ఆమె చూపు దించుకోలేదు.

"దేవకమ్మా..."

"పోయిరా అమ్మా!" మిట్ట మీద నుంచి ఆడవాళ్ళ గొంతులు.

"చిన్నబ్బా..."

"పోయిరా అన్నా!"

"వెంకటేశ్వర్లూ..."

"పోయిరా నాయనా!"

ఆపైన ఆకుల చప్పుడు. వాళ్ళ తోటలోని ఆకులే, ఊరి మీద హారన్లలో గలగలమన్నాయి. వాకిట్లో నూకలు చెరుగుతున్న చంద్రకాంతమ్మ చేతిలో చేట ఆగింది. ఆమెకు ఏమీ తెలియదు, అయినా ఆగింది.

"సునీల్‌కుమార్."

చేట కింద పడింది. నూకలు వాకిలంతా చిందాయి. "మ్మే..." అంది చంద్రకాంతమ్మ, కోడలి నోటి వైపు చూస్తూ, ఆ మాట ఇప్పుడే అక్కడి నుంచి వచ్చినట్టు.

మిట్ట మీద ఎవరూ పలకలేదు. అంత జనంలో ఒక బిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ పేరు, పెద్దవాళ్ళు చెప్పినట్టే, గాల్లో నిలబడింది.

చెంగయ్య అరుగు మీది నుంచి లేచాడు. మిట్ట వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళుగా పిలిచేవాడే గానీ పలికేవాడు కాదు ఆయన. నోరు తెరిచాడు. మొదటిసారి ఊపిరే వచ్చింది.

"పోయిరా నాయనా" అన్నాడు రెండోసారి.

గట్టిగా అనలేదు. వాకిలి దాటి ఎవరికీ వినిపించి ఉండదు. చంద్రకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందులోకే, ఆ మాటే అంది. రేవతి పెదాలు కదిలాయి.

దూరంగా హారన్లు "ఎనక్కి తిరిగి సూడమాకరా కొడకా" అన్నాయి.

పాట ముగియకముందే ఫోను మోగింది. యోగానంద. రేవతి తీయబోతుంటే చెంగయ్య చెయ్యి చాపాడు.

"చెంగన్నా!" అవతలి గొంతు అరుగు దాకా వినిపించింది. "మాటంటే మాట అనుకున్నానే!"

"మాట తప్పలేదప్పా. ఆ పేరు నేను పిలవలేదు. నా గొంతు నీకు తెలవదా?"

"నీది కాదని ఊరంతా ఇనింది. ఆ యమ్మి గొంతు... ఆడమనిషి గొంతు, ఏడాది తిరగని మనిషిది, మిట్ట మీద..."

"గొంతుకు అంటు లేదని నువ్వే గదప్పా చెప్పినావు."

అవతల కాసేపు జనం గోల వినిపించింది. తర్వాత యోగానంద గొంతు తగ్గింది. "ఈడ ఎవురూ పలకలేదు చెంగన్నా. పేరు అట్లనే ఉండిపాయె."

"ఉండిపోలేదులే. మేము పలికినాం."

ఆగిపోయిన ఫోనును చెంగయ్య చెవి నుంచి దించి చూశాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. నున్నగా, పలచగా, ఎవరిదో ఫోనులాగా ఉంది.

"దీని చొక్కా యాడమ్మా?"

"తీసేసినా మామా. మైకు పట్టలా."

"తొడుగు. చేతిలో నుంచి జారితే పగిలిపోతాది." ఫోను ఆమె చేతిలో పెట్టి, వంగి, చిందిన నూకలను చేటలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. "జాకెట్ల పాఠం చెప్పేటప్పుడు మళ్ళా తీద్దువులే."